రాతిచేతుల వాళ్ల ఇంటికి

కామాటిపుర పోతున్నానని చెబితే మా స్కూలు స్టాఫ్ రూములో ముగ్గురు నవ్వారు. నాలుగో ఆయన డ్రాయింగు మాస్టారు. "పర్సు పై జేబులో పెట్టుకోకండి సార్" అని నవ్వకుండా అన్నాడు. ఆ నవ్వు లోపల ఉంది. బొంబాయిలో ఆ పేట పేరు ఎత్తితే మన వైపు మగవాళ్లకు సానికొంపలు తప్ప ఏమీ గుర్తుకు రావు. ఆ పేరు మా వాళ్లదని, పాలమూరు నుంచి పోయి రాళ్లు మోసి, సున్నం కలిపి, ఆ మహానగరానికి గోడలు లేపిన కామాటోళ్లు ఉన్న చోటు కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక్కడికీ గుర్తుండదు. ఒళ్లు మండింది, కానీ జవాబు చెప్పలేదు. పోతున్న పనేమిటో చెప్పాలంటే నా చేతులు చూపించాల్సి వచ్చేది.

నా రెండు చేతుల మెటికల మీద శనగగింజలంత గట్టి గడ్డలున్నాయి. మడమ వెనక నరం మీద ఇంకా పెద్దవి. నొప్పి ఉండదు. మా వంశంలో చాలామందికి ఉన్నాయి. మా వాళ్లు వాటిని రాతికాయలంటారు. తాతలు రాళ్లు మోసి కాయలు కాయించుకున్న చేతులు మనవలకు దిగాయని నమ్మకం. నేను లెక్కల మాస్టారిని. సుద్దముక్క కంటే బరువైనది ఎత్తిన పాపాన పోలేదు. అయినా నాకెందుకు వచ్చాయని నలభై రెండేళ్లు వచ్చేదాకా నన్ను నేను అడగలేదు.

ఆ వేసవిలో ఛాతీ పట్టేసి హైదరాబాదు పోతే, అక్కడి డాక్టరు గుండె కంటే ముందు నా మెటికలు నొక్కి చూశాడు. "ఇవి కాయలు కావు మాస్టారూ, కొవ్వు" అన్నాడు. పుట్టుకతో వచ్చే జబ్బట. నెత్తుట్లో కొవ్వు ఎక్కువై నరాల మీద ఎట్లా పేరుకుందో గుండె రక్తనాళాల్లోనూ అట్లాగే పేరుకుంటుందట. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే నాలాగా నలభైల్లో పట్టుకుంటుందట. "ఇద్దరి నుంచీ వస్తే?" అని అడిగాను. లెక్కల మాస్టారి అలవాటు. "పసితనంలోనే పట్టుకుంటుంది. మీలో మేనరికాలు ఉన్నాయా?" అన్నాడు.

అప్పుడు నాకు సునీత గుర్తుకొచ్చింది. కామాటిపురలో ఉండే మా చిన్నాయన కొడుకు మల్లేశు కూతురు, ఏడేళ్లది. మల్లేశు భార్య లక్ష్మి మా మేనత్త కూతురు. అంటే మొగుడూ పెళ్లాం ఒకే తాత మనవలు. పిల్లకు మూడో ఏటనే రాతికాయలు వచ్చాయని, గల్లీ అంతా వచ్చి చూసి మురిసిందని చిన్నమ్మ అప్పట్లో ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరం చదివి నేనూ మురిశాను. ఆ పెళ్లిలో నా చేయి కూడా ఉంది. అది ఇక్కడే చెప్పేయడానికి నోరు రావడం లేదు, ఇంకాస్త ముందుకు పోయాక చెబుతాను.

రైల్లో

రాయచూరులో ఎక్కిన పెట్టె నిండా మా జిల్లా వాళ్లే. మూటలు, మట్టి మోసే గమేళాలు, చంకన పిల్లలు. ఊళ్లో ఆషాఢం వచ్చినా చినుకు లేదు. బొంబాయిలో వాన పడుతున్నా పని ఉంటుంది కాబట్టి పోతున్నారు. నా పక్కన కూర్చున్న బాలమ్మ అనే ఆమె పదేళ్లుగా ఇట్లా పోయి వస్తోంది. జొన్నరొట్టె మీద పల్లికారం పెట్టి, అడక్కుండానే నా చేతిలో పెట్టింది. షోలాపూర్‌లో చాయ్ అమ్మేవాడు పావలా ఎక్కువ అడిగితే అతనితో మరాఠీలో పోట్లాడి గెలిచింది. మా ఊరి హోటల్లో ఆ డబ్బుకు చాయ్‌తో పాటు రెండు బిస్కెట్లు వస్తాయని నేను అంటే, "మీ ఊర్ల కూలి కూడ గంతనే గద సారు" అంది.

రెండో రొట్టె అందుకుంటుంటే నా చేయి పట్టుకుని మెటికల మీద బొటనవేలు ఆడించింది. "నీయి రాతిచేతులు గద. ఏ మేస్త్రి ఇంటోళ్లు?"

తాత పేరు చెప్పాను. ఆమె వెంటనే సీటు మీద పెట్టుకున్న కాళ్లు కిందికి దించి సర్దుకు కూర్చుంది. "ఆళ్లు కట్టిన గోడ పడదంటరు" అని అవతలి వరసలో వాళ్లకు కూడా నన్ను చూపించింది. తాత యాభై దాటలేదని, నాన్న నలభై ఒకటికి పోయాడని, చిన్నాయన నలభై నాలుగుకు పోయాడని ఆమెకు చెప్పాలనిపించింది. గోడలు పడలేదు నిజమే, మనుషులే పడిపోయారు. కానీ ఆమె అంత మర్యాదగా చూస్తుంటే ఆ మాట అనబుద్ధి కాలేదు. రొట్టె తిని కిటికీ వైపు తిరిగాను.

ఆరో గల్లీ

కామాటిపుర గల్లీలకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గర టాక్సీ దిగి, వానలో గొడుగు తిరగబడి, ఆరో గల్లీ అనుకుని ఐదో గల్లీలో దూరాను. గుమ్మంలో మొహం కడుక్కుంటున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసి, నా సంచీకి కట్టిన మా ఊరి చాపను చూసి, "తెలుగువాలే? ఆగే, ఆగే" అని ముందుకు పొమ్మన్నట్టు చేత్తో దారి చూపించింది. మా స్టాఫ్ రూములో నవ్విన ముగ్గురికంటే ఆమె మర్యాదస్తురాలు.

మా వాళ్ల చాల్ మూడంతస్తులు. కట్టెమెట్లు, గోడలకు చెమ్మ. మొదటి మలుపులో ఒక పిల్ల స్కూలు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను దాటి పోనివ్వడానికి కాళ్లు ముడుచుకుంది. నేను పైకి పోయి, మల్లేశు ఉండే ఖోలీ, అంటే గది, ఏదో తెలియక మళ్లీ దిగితే రెండో మలుపులో కూర్చుని ఉంది.

"ఎవరమ్మాయివి?"

"మల్లేశ్ మేస్త్రి పోరిని. నేను ఒక్క మజ్లా మెట్లు ఎక్కి కూసుంట. మళ్ల ఒక్క మజ్లా ఎక్కి కూసుంట."

"ఎందుకు?"

"ఉట్టిగనే" అంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. చేతులు చూశాను. మెటికల మీద, మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చ గడ్డలు. నాకు నలభై రెండేళ్లలో రానన్ని ఏడేళ్లకే వచ్చాయి. కంటి నల్లగుడ్డు చుట్టూ ముసలివాళ్లకు ఉండే తెల్లటి గీత. నాకు అక్కడే, ఆ మెట్ల మీదే ఏడుపు వచ్చింది. గొడుగు దులుపుతున్నట్టు అటు తిరిగాను.

ఖోలీ మా ఇంటి వంటగదంత ఉంటుంది. అందులోనే పొయ్యి, దేవుడి పటం, ట్రంకుపెట్టె, నలుగురు మనుషులు. చిన్నమ్మ యాభై దాటిన మనిషి, ఇప్పటికీ గొంతు గల్లీ చివరికి వినిపిస్తుంది. లక్ష్మికి ఆరో నెల. ఆ సంగతి నాకు తెలియదు. తలుపు తీసినప్పుడు ఆమె పొట్ట చూశాకే తెలిసింది.

"ఎన్నేండ్లకు వచ్చినవ్ బావా" అని లక్ష్మి నీళ్లిచ్చింది. చిన్నమ్మ మాత్రం నీళ్లకంటే ముందు మనవరాలి చేయి తెచ్చి నా చేతిలో పెట్టింది. "సూడు కొడ్కా, మీ తాతకు గూడ గిన్ని లేకుండె. పోచమ్మ మా ఇంట్లనే పుట్టింది."

రాతికాయలున్న పిల్లను చాల్ అంతా ఎట్లా చూసుకుంటుందో ఆ సాయంత్రమే తెలిసింది. కింది అంతస్తు వాళ్లు వెన్న పంపారు. ఎదురు ఖోలీ వాళ్లు మూలుగ బొక్క పంపారు. రాతిచేతులకు బలం కావాలని, వాటికి పెడితే తమ ఇంటి మేస్త్రి పనికి చేయి తిరుగుతుందని వీళ్ల ఆచారం. మా ఊళ్లో అది ఎప్పుడో పోయింది, పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేక. ఇక్కడ నాలుగు డబ్బులు రాగానే ఆచారం లావెక్కింది. పిల్ల తినలేక తింటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. ప్రయాణంలో అలసిపోయానని చెప్పి ఆ రోజు నోరు విప్పలేదు. పిరికితనానికి అలసట అని పేరు పెట్టుకోవడం నాకు బాగా వచ్చు.

నాకా

మర్నాడు పొద్దున మల్లేశుతో కూలీల అడ్డాకు పోయాను, ఇక్కడ నాకా అంటారు. వానకు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్న మగవాళ్లు, ఆడవాళ్లు వంద మంది దాకా రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. మా ఊళ్లో కూలికి పిలిచేవాడు మొహం చూస్తాడు, ఎవరి కొడుకో అడుగుతాడు. ఇక్కడ ముకాదం చేతులు చూస్తాడు. వరసగా నడుస్తూ ఒక్కొక్కరి మెటికలు వేలితో తడిమి చూశాడు, మా సంతలో బర్రెల పళ్లు చూసినట్టు. మల్లేశు దగ్గరికి వచ్చేసరికి తడమలేదు. భుజం మీద తట్టి పక్కకు నిలబెట్టాడు. ఆ రోజు మొదటి పిలుపు మా తమ్ముడిదే.

పనికి పోయేముందు ఇరానీ హోటల్లో కూర్చున్నాం. బన్ను మధ్యలో వేలు మందాన వెన్న. మల్లేశు రెండు తిన్నాడు. లేచేటప్పుడు ఛాతీ మీద అరచేయి రుద్దుకున్నాడు.

"ఏందిరా?"

"గ్యాస్ అన్నా. సోడా తాగితె పోతది."

అప్పుడు చెప్పాను. నా ఛాతీ సంగతి, హైదరాబాదు డాక్టరు మాట, నాన్న, చిన్నాయన, అన్నీ. చిన్నాయన పరంజా మీద నుంచి కాలు జారి పడ్డాడని అందరూ అంటారు. ముప్పై ఏళ్లు పరంజా మీద పిల్లిలా తిరిగిన మనిషికి కాలెట్లా జారుతుంది? పడకముందే పోయి ఉంటాడని చెప్పాను. మల్లేశు సాసర్‌లో చాయ్ పోసుకుని చల్లారేదాకా చూశాడు.

"మరి గీ చేతులు జబ్బని చెప్తె ముకాదం నన్ను పిలుస్తడా అన్నా?"

"నీ సంగతి తరవాత. సునీతను ఒక్కసారి ఆసుపత్రికి తీసుకుపోదాం."

"అమ్మను అడుగు" అని లేచాడు. పిల్ల గురించి అడిగితే మగవాడు తల్లి మీద పెట్టి తప్పుకుంటాడు. మాకు అది కూడా వంశపారంపర్యమే.

ధారావి

మూడో రోజు లక్ష్మిని వెంటబెట్టుకుని, ఆమె తల్లికి కూడా ఈ సంగతి చెప్పాలని, ధారావిలో ఉన్న మేనత్త దగ్గరికి పోయాను. మోకాలి లోతు నీళ్లలో చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. రెండోది చేత్తో పట్టుకుని మా మేనత్త గుమ్మంలో నిలబడితే, ఆమె ఏళ్ల తరవాత చూసిన మేనల్లుడిని చూసి మొదట చేసిన పని పగలబడి నవ్వడం. ఆ ప్రయాణం మొత్తంలో నేను కూడా నవ్వింది అప్పుడే.

అత్తకు అరవై మూడు. మెటికల మీద నాకున్నవే, కొంచెం చిన్నవి. పాత నూనె డబ్బాలు చదును చేసే కార్ఖానాలో ఇప్పటికీ కూర్చుని సుత్తి కొడుతుంది. మొగుడు తొందరగా పోయాడు, పెద్దకొడుకు చూడడు. పూటకు ఒక జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు, దొరికిన రోజు ఆకుకూర. మాంసం ముట్టి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

"జబ్బంటవేంది? నాకేమయింది?" అని సుత్తి ఎత్తి చూపించింది. "మీ నాయిన పోయిండు, మీ చిన్నాయిన పోయిండు. నేను ఉన్న. గవే కాయలు, గదే నెత్తురు."

అత్త అడిగింది న్యాయమైన ప్రశ్న. బస్సు దిగాక, "బావా, నాకు కూడ ఉన్నయి. మోచేతుల మీద" అంది లక్ష్మి.

పోచమ్మ బోనాలు

ఆదివారం గల్లీ చివరి పోచమ్మ గుడికి బోనాలు. మా ఊళ్లో కంటే ఇక్కడే గట్టిగా చేస్తారు. ఊరు వదిలిన వాళ్లకు దేవత మీద భయం ఎక్కువ. ఫాక్‌లాండ్ రోడ్డు వైపు ఇళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి పక్కన నిలబడి దండం పెట్టుకున్నారు. వేపమండలు మార్కెట్లో కట్ట రెండు రూపాయలు. వేపాకు కొనుక్కోవడం నా జన్మలో అదే మొదటిసారి.

మేకను కోశాక మొదట కొవ్వు తీసి ఇనుప మూకుట్లో వేయిస్తారు. ఆ పళ్లెం రాతిచేతుల వాళ్లకు ముందు. చిన్నమ్మ సునీతను పీట మీద కూర్చోబెట్టి పళ్లెం ఎదురుగా పెట్టింది. చుట్టూ యాభై మంది. పిల్ల నా వైపు చూసింది. ఎందుకు చూసిందో తెలియదు, నేను ఎదురుగా నిలబడ్డాను కాబట్టి చూసి ఉంటుంది. నేను వంగి పళ్లెం తీసేశాను.

"చిన్నమ్మా, ఇవి కాయలు కావు. జబ్బు. పిల్లకు ఇది పెట్టొద్దు."

డప్పు ఆగింది. చిన్నమ్మ కోపం తెచ్చుకోలేదు, జాలిగా చూసింది. "సదువుకున్నోనివి. నీకు తెల్వది."

"నా చేతులు చూడండి" అన్నాను. రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించాను. స్కూల్లో దాచుకున్న చేతులు. "నేను ఒక్క రాయి మోయలేదు. సుద్దముక్క పట్టుకుని బతికేవాడిని. రాళ్లు మోస్తే వచ్చే కాయలైతే నాకెట్లా వచ్చాయి?"

దీనికి తిరుగుండదు అనుకున్నాను. పిల్లలకు లెక్క రుజువు చేసి బోర్డు తుడిచే మాస్టారిలా నిలబడ్డాను. చిన్నమ్మ నా చేయి పట్టుకుని తడిమింది, కళ్లకద్దుకుంది.

"మోస్తె వచ్చినయని నేనెప్పుడన్న అన్ననా కొడ్కా? నెత్తుట్ల వస్తయి. రాయి ముట్టనోనికి గూడ ఇడ్వలే సూడుండ్రి. గదీ మేస్త్రి వంశమంటె."

డప్పు మళ్లీ మొదలైంది. ఎవరో నా నుదుటికి పసుపు రాశారు. నన్ను సునీత పక్కన ఇంకో పీట మీద కూర్చోబెట్టారు. కొవ్వు పళ్లెం నాకూ వచ్చింది. నేను లేచిపోవలసింది. లేవలేదు. అంతమంది చూస్తుండగా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. నేను తినడం చూసి సునీత కూడా తింది.

అక్కడితో అయిపోలేదు. చిన్నమ్మ ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తీసి, గుడ్డలో చుట్టిన ఉత్తరం తెచ్చి లక్ష్మి చేత అందరి ముందూ చదివించింది. తొమ్మిదేళ్ల కింద నేను రాసిన ఉత్తరం. మల్లేశుకు బయటి సంబంధం చూస్తున్న రోజుల్లో, చదువుకున్న వాడివి నువ్వేమంటావని చిన్నాయన అడిగితే రాసింది. 'రాతిచేతులు గడప దాటి పరాయి ఇంటికి పోవడం మంచిది కాదు. మల్లేశు చేతిలో లక్ష్మి చేయి పెడితే పుట్టే బిడ్డ మన వంశానికి వజ్రం.' నా అక్షరాలే, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. రాసిన రోజు ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అని రెండుసార్లు చదువుకున్నట్టు కూడా గుర్తుంది.

"గీ మాట అన్నది ఎవలు?" అంది చిన్నమ్మ.

లక్ష్మి చదవడం ముగించి ఉత్తరం మడతపెట్టి నా చేతికిచ్చింది.

ఆసుపత్రి

మర్నాడు పొద్దున్నే లక్ష్మి పిల్లకు జడ వేసి చెప్పులు తొడిగింది. "నాకు తెల్వాలె. పా బావా" అంది. అత్తను అడగలేదు, మొగుణ్ణి అడగలేదు. తల్లిని మాత్రం ధారావి నుంచి పిలిపించింది. మల్లేశు గల్లీ మలుపు దాకా మమ్మల్ని చూస్తూ నిలబడి, తరవాత మా వెనకే వచ్చాడు. ఆ రోజు నాకాలో మొదటి పిలుపు ఇంకొకడికి పోయింది.

పెద్దాసుపత్రి వరండాలు అన్ని ఊళ్లలోనూ ఒక్కటే. పాయిఖానా వాసన, చీటీల వరస, విసుక్కునే వార్డుబాయి. ఐదుగురికీ రక్తం తీశారు. నాలుగు రోజుల తరవాత రమ్మన్నారు. సునీత గుండె మీద గొట్టం పెట్టి వినడానికి మాత్రం ఒకరి తరవాత ఒకరు ముగ్గురు డాక్టర్లు, వాళ్ల వెనక పది మంది విద్యార్థులు వచ్చారు. లోపల ఏదో చప్పుడు ఉందట, వాళ్లకు అది అరుదుగా దొరుకుతుందట. పిల్ల చొక్కా పైకెత్తి పట్టుకుని కూర్చుంది. విద్యార్థుల్లో ఒకడు "థాంక్యూ" అన్నాడు.

నాలుగో రోజు డాక్టరమ్మ ఐదు కాగితాలు బల్ల మీద వరసగా పరిచింది. నెత్తుట్లో కొవ్వు రెండు వందలు దాటకూడదని హిందీలో నెమ్మదిగా చెప్పింది. మేనత్తది మూడు వందల పది. లక్ష్మిది మూడు వందల అరవై, కడుపుతో ఉంది కాబట్టి కొంత ఎక్కువే చూపిస్తుందట. నాది మూడు వందల ఎనభై. మల్లేశుది నాలుగు వందల ఇరవై. సునీతది ఏడు వందల తొంభై.

మేనత్త ధారావిలో అడిగిన ప్రశ్న నేను అడిగాను. ఒకే ఇంటి జబ్బు అయినప్పుడు అందరినీ ఒకేలాగా ఎందుకు పట్టదు?

"జబ్బు ఇంటిదే. కానీ అందరికీ ఒకే బరువు పడదు" అంది ఆమె. నెత్తుట్లో కొవ్వు ఎంత ఉంది, ఎన్నేళ్ల నుంచి ఉంది, దాన్ని బట్టి గుండె నాళాలు పూడుతాయట. ఆడవాళ్లకు కొంచెం ఆలస్యంగా వస్తుందట. ఎండిన రొట్టె తిన్న మనిషికి తక్కువ పేరుకుని ఉండవచ్చు, వెన్న తిన్నవాడికి, బీడీ తాగినవాడికి త్వరగా ముంచుకు రావచ్చు. మేనత్తను పేదరికం కొంత కాపాడింది. మా వాళ్లను నాలుగు రాళ్ల సంపాదన తొందర పెట్టింది. ఇన్నాళ్లూ నేను తలకిందులుగా నేర్చుకున్న లెక్క ఇది.

"పిల్ల సంగతి వేరు. ఈమెకు రెండు వైపుల నుంచీ వచ్చింది. ఈమె నెత్తుట్లో అది పుట్టిన రోజు నుంచీ ఉంది. తిండి మానిస్తే కొంచెం తగ్గుతుంది, కొంచెమే."

"మందు?" అన్నాడు మల్లేశు.

నీళ్లలో కలుపుకుని తాగే పొడి ఒకటి ఉందట, పరదేశం నుంచి తెప్పించాలట, దానితో కూడా ఈ పిల్లకు పెద్దగా దిగదట. ఎక్కడో కొత్త మాత్ర తయారవుతోందని చదివిందట, అది ఇక్కడికి ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు. ఎన్నాళ్లు అని లక్ష్మి అడిగింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "పదిహేను, ఇరవై చూసిన పిల్లలు తక్కువ" అంది.

లక్ష్మి తన పొట్ట మీద చేయి వేసి, ఆమె మొహం చూసింది. "నలుగురిలో ఒకరికి ఇట్లా వస్తుంది" అంది డాక్టరమ్మ. తరవాత మా అందరి వైపూ చూసి, "అందరికీ కాయలు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఈ పెళ్లి ఎవరు చేశారు?" అంది. కోప్పడలేదు, తెలుసుకోవడానికి అడిగింది.

ఎవరూ నా వైపు చూడలేదు. మేనత్త చూడలేదు, మల్లేశు చూడలేదు, లక్ష్మి చూడలేదు. నేనే నోరు విప్పాలి. ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. "పెద్దవాళ్లు" అన్నాను.

మెట్లు

బయలుదేరే రోజు సునీత నన్ను దిగబెట్టడానికి వచ్చింది. దిగేటప్పుడు కూడా ప్రతి మలుపులో కూర్చుంది, నేనూ పక్కన కూర్చున్నాను. రెండో మలుపులో నా చేయి తీసుకుని మెటికలు లెక్కపెట్టింది.

"నీకు పణ్ ఉన్నయి పెద్నాయినా." పణ్ అంటే మరాఠీలో కూడా అని, ఆజి అంటే నాయనమ్మ. ఈ పిల్లలు తెలుగు మాట్లాడినా మధ్యలో మరాఠీ దూరుతుంది. "మా ఆజి చెప్పింది, రాతిచేతులోళ్లు మంచిగ కడతరంట. మా తాత సినిమా హాల్ కట్టిండు. మా నాయిన ఇండ్లల్ల నేల మీద లాదీ బండలు వేస్తడు. నువ్వేం కట్టినవ్?"

"నేనేం కట్టలేదు" అన్నాను.

"ఏం పణ్ కట్టలే?"

"ఉత్తరాలు రాస్తాను" అన్నాను. దానికి ఆమె పెద్దగా సంతోషపడలేదు. గల్లీ మొదట్లో బటాటా వడ వేగుతుంటే కొనిపెట్టమంది. కొనలేదు. వేయించిన శనగలు కొనిస్తే తీసుకుని, సగం తిని, మిగిలినవి నా జేబులో పోసింది, రైల్లో తినమని.

ఊరు

వచ్చి నాలుగు నెలలయింది. నిన్న మల్లేశు ఉత్తరం వచ్చింది. పక్క ఖోలీ కుర్రాడి చేత రాయించాడు. కొడుకు పుట్టాడు. వెన్న, కొవ్వు ఇంట్లోకి రానివ్వడం లేదట. చిన్నమ్మ వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదట, ఇప్పుడు మాట్లాడుతోందట. సునీత మెట్లు ఎక్కలేకపోతోంది, స్కూలు మాన్పించారు. తాను కింది అంతస్తులో ఖోలీ వెతుకుతున్నాడు. ఆఖరున ఇట్లా ఉంది. 'అన్నా, పోరని చేతులు నున్నగున్నయి. కాళ్లు నున్నగున్నయి. దినాం వెలుగుల వట్టి సూస్తున్న. ఒక్క కాయ లేదు. మనం బయటపడ్డం.'

సునీత చేతులు కూడా మూడో ఏడు దాకా నున్నగానే ఉన్నాయి. అది మల్లేశుకు తెలియక కాదు.

ఇవాళ పొద్దున్నే కూర్చుని ఇన్‌లాండ్ కవరు తీశాను. తొమ్మిదేళ్ల కింద అందంగా రాసినవాడిని, ఈసారి అక్షరం కుదరలేదు. మొదటి కవరు చింపేశాను. రెండోదానిలో మూడు వాక్యాలే రాశాను. 'తమ్ముడూ, చేతులు చూడకు. పిల్లవాడి రక్తం చూపించు. ఆ రోజు డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు నేను.' కింద నా పేరు రాసి, స్కూలుకు పోయే దారిలో పోస్టు డబ్బాలో వేశాను.